సీ-295 విమానం మంచిదేనా? 2008లో పోలండ్‌లో ఆ రాత్రి ఏం జరిగింది?

అమ్మా,

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. మీ తమ్ముడికి సీ-295 రవాణా విమానాలు నడిపే స్క్వాడ్రన్‌కి పోస్టింగ్ వచ్చిందన్నారు. అదే రకం విమానం 2008లో పోలండ్‌లో దిగడానికి వస్తూ కూలిపోయి, లోపలున్న 20 మందీ చనిపోయారని చదివినప్పటి నుంచి మీ అమ్మగారికి నిద్ర పట్టడం లేదన్నారు. "విమానమే మంచిది కాదా, లేక నడిపినవాళ్ళ తప్పా?" అని అడిగారు. చివర్లో, పోయిన సంక్రాంతికి రాజమండ్రి వస్తుంటే మీ విమానం కూడా దిగబోయి మళ్ళీ పైకి లేచిందనీ, అప్పటి నుంచి మీకూ విమానమంటే టెన్షన్ పట్టుకుందనీ రాశారు.

ముందు సూటిగా జవాబు చెప్పేస్తాను. ఆ విమానంలో లోపం లేదు. రెండు ఇంజన్లూ బాగానే పనిచేస్తున్నాయి. దర్యాప్తులో తేలిన మాట ఇది. మరి బాగున్న విమానం రన్‌వేకి అంత దగ్గరగా వచ్చి ఎందుకు కూలింది అంటే ఒక్క ముక్కలో చెప్పలేను. "పైలట్ల తప్పు" అని రాసేసి ఊరుకోవడం నాకు ఇష్టం లేదు. కొంచెం ఓపికగా చదవండి.

నేను ఎయిర్‌ఫోర్స్‌లో ఏటీసీ ఆఫీసర్‌గా, అంటే నేల మీది నుంచి విమానాలకి దారి చెప్పే కంట్రోలర్‌గా చేసి రిటైరయ్యాను. పైలట్‌ని కాను. నా సర్వీసులో చాలా ఏళ్ళు పీఏఆర్ అనే రాడార్ ముందు కూర్చుని, మబ్బుల్లో ఏమీ కనపడని పైలట్లని మాటలతో రన్‌వే దాకా తీసుకురావడంలోనే గడిచాయి. ఆ రాత్రి పోలండ్‌లో జరుగుతున్నదీ అదే పని. అందుకే ఆ ప్రమాదం వివరాలు మొదటిసారి చదివినప్పుడు అది ఎక్కడో పరాయి దేశపు సంగతిలా అనిపించలేదు. నా కుర్చీలో ఇంకొకరు కూర్చున్నట్టు అనిపించింది.

2008 జనవరి 23. పోలండ్ వాయుసేన అధికారులు వార్సాలో ఒక సదస్సుకి వెళ్ళారు. విమాన భద్రత మీద ఏటా జరిగే సదస్సు అది. అయిపోయాక అందరినీ ఎవరి స్థావరంలో వాళ్ళని దించి రమ్మని ఒక సీ-295ని పంపారు. ఊరూరా ఆగే బస్సులాగా దానికి వరసగా స్టాపులున్నాయి. వార్సా నుంచి పొవీజ్, తర్వాత పొజ్నాన్ పక్కన క్షెషినీ, తర్వాత మిరోస్వావియెత్స్, ఆ తర్వాత ష్విద్విన్, చివరికి విమానం సొంత స్థావరం క్రాకోవ్. మొదటి రెండు చోట్లా దిగాల్సినవాళ్ళు దిగి ఇళ్ళకి వెళ్ళిపోయారు. మూడో చోట, రాత్రి ఏడు దాటిన కాసేపటికి, రన్‌వే చేరకముందే విమానం అడవిలో పడిపోయింది. సిబ్బంది నలుగురు, ప్రయాణికులు 16 మంది. ప్రయాణికులంతా వాయుసేన మనుషులే. ష్విద్విన్‌లోని టాక్టికల్ బ్రిగేడ్ కమాండర్ జనరల్ ఆంజే ఆంజెయెవ్‌స్కీ కూడా వాళ్ళలో ఉన్నారు. భద్రత గురించి పగలంతా మాట్లాడుకుని ఇంటికి బయలుదేరిన మనుషులు వాళ్ళు. ఇన్నేళ్ళయినా ఆ సంగతి తలుచుకుంటే మనసు పాడవుతుంది.

ఆ రోజు అక్కడ చలికాలపు చీకటి, చాలా కిందికి దిగిన మబ్బు, మసక. మామూలుగా ఇలాంటప్పుడు ఐఎల్ఎస్ అనే పరికరం ఆదుకుంటుంది. రన్‌వే దగ్గరి నుంచి వచ్చే రేడియో సంకేతాన్ని పట్టుకుని, ఎంత పైన ఉన్నాం, ఎంత పక్కకి ఉన్నాం అనేది పైలట్ ముందే సూది కదిలి చూపిస్తుంది. మిరోస్వావియెత్స్‌లో ఐఎల్ఎస్ లేదు. అది సోవియట్ కాలపు సుఖోయ్-22 యుద్ధవిమానాల స్థావరం. అక్కడ ఆ రాత్రి ఉన్న దారి రాడార్ కంట్రోలర్ మాట ఒక్కటే.

ఈ మాటల ల్యాండింగ్ ఎలా ఉంటుందో చెప్తాను. ఇది తెలిస్తే మిగతాదంతా అర్థమవుతుంది.

రాడార్ గదిలో లైట్లు తగ్గించేస్తాం. ఎదురుగా ఒక తెర, దాని మీద పైన ఒకటి, కింద ఒకటి రెండు బొమ్మలు. పైదాంట్లో ఏటవాలుగా ఒక గీత ఉంటుంది. విమానం దిగి రావాల్సిన వాలు అది, మూడు డిగ్రీలు. దాన్నే గ్లైడ్‌పాత్ అంటాం. కిందిదాంట్లో నేరుగా పోయే గీత రన్‌వే మధ్యరేఖ. విమానం రెండింట్లోనూ ఒక మెరిసే చుక్క. నా పని ఆ చుక్క రెండు గీతల మీదా ఉండేలా చూడటం. "గ్లైడ్‌పాత్ మీద ఉన్నారు, మధ్యరేఖకి కొంచెం ఎడమ, కుడికి రెండు డిగ్రీలు తిరగండి, గ్లైడ్‌పాత్‌కి కొంచెం పైన ఉన్నారు" అని ఆగకుండా చెప్తూ ఉంటాం. చివరి దశలో పైలట్ తిరిగి జవాబు చెప్పనక్కర్లేదు. రెండు చేతులూ, మొత్తం ధ్యాసా విమానం మీదే ఉండాలి కాబట్టి. ఒక చెవి మాత్రం మాకు ఇచ్చేస్తాడు.

మేం ఐదు సెకన్లకి మించి మౌనంగా ఉండకూడదు. ఐదు సెకన్లు మాట వినపడలేదంటే, రేడియో పోయిందో రాడార్ పోయిందో ఇంకేదో జరిగిందని అనుకుని పైలట్ దిగడం మానేసి పైకి వెళ్ళిపోవాలి. మాకు ట్రైనింగ్‌లో మొదటి రోజు చెప్పేది ఇదే.

వేగం లెక్క కూడా చూడండి. 120 నాట్ల వేగం, అంటే గంటకి 120 నాటికల్ మైళ్ళు అనుకుంటే, నిమిషానికి రెండు మైళ్ళు. మూడు డిగ్రీల వాలులో మైలుకి 300 అడుగుల పైచిలుకు దిగాలి. అంటే చివరి మైలు దాటడానికి ఉండేది అర నిమిషం. దాదాపు 200 అడుగుల ఎత్తుకి వచ్చేసరికి రన్‌వే దీపాలు కనపడ్డాయా, దిగాలి. కనపడలేదా, పైకి పోవాలి. "ఇంకొంచెం చూద్దాం" అనడానికి అక్కడ చోటు లేదు.

ఇప్పుడు, నా తెర చెప్పలేని సంగతి ఒకటుంది. నాకు విమానం ఒక చుక్క. చుక్క ఎక్కడుందో తెలుస్తుంది. కానీ విమానం ఒక పక్కకి ఒరిగిందా, నిటారుగా ఉందా అనేది చుక్కలో కనపడదు. రెక్క నేలని చూస్తున్నా అది చుక్కే. "కుడికి తిరగండి" అని నేను అంటే పైలట్ విమానాన్ని కుడికి ఒరిగించి తిప్పుతాడు. ఆ తిరగడం నా తెర మీద కనపడటానికి కొన్ని సెకన్లు పడుతుంది. ఈలోగా నేను తొందరపడి ఇంకో మలుపు చెప్తే అతను ఇంకా ఒరిగిస్తాడు. అందుకే విమానం దగ్గరికి వచ్చేకొద్దీ మలుపులు చిన్నవి కావాలి. దగ్గర్లో పెద్ద మలుపు చెప్పాల్సి వస్తే, ఆ ప్రయత్నం చెడిపోయినట్టు లెక్క. పైకి పంపేయాలి.

మిరోస్వావియెత్స్‌లో మొదటిసారి దిగబోయి కుదరక ఆ విమానం పైకి వెళ్ళింది. అది సరైన పనే. తిరిగి వచ్చి రెండోసారి ప్రయత్నిస్తున్నప్పుడు జరిగింది ప్రమాదం. దర్యాప్తు కమిషన్ చెప్పిన దాని ప్రకారం, చివరి దశలో విమానం ఒక పక్కకి బాగా ఎక్కువగా ఒరిగిపోయింది. కావాలని చేసింది కాదు. ఒరిగిందని కాక్‌పిట్‌లో సమయానికి ఎవరూ గమనించలేదు. ఒరిగిన కొద్దీ విమానాన్ని గాలిలో నిలబెట్టే బలం తగ్గి, ఎత్తు కోల్పోయి, నేలని తాకింది. కంట్రోలర్ దారి చూపిన తీరులో కూడా తప్పులున్నాయని కమిషన్ తేల్చింది.

"అంతగా ఒరిగితే తెలియదా? మనం కూర్చున్న కుర్చీ పక్కకి వాలితే తెలుస్తుంది కదా?" అని మీకు అనిపించవచ్చు. అందరూ అడిగేదే ఇది. నిజం ఏంటంటే, తెలియదు. మన చెవి లోపల సన్నని గొట్టాల్లో ద్రవం ఉంటుంది. తల తిరిగినప్పుడు ఆ ద్రవం కదలికని బట్టి మనకి తిరిగిన సంగతి తెలుస్తుంది. చాలా నెమ్మదిగా, సెకనుకి రెండు డిగ్రీల లోపు ఒరుగుతూ పోతే ఆ ద్రవం పట్టించుకోదు. ఇంట్లో తిరిగే కుర్చీ ఉంటే కళ్ళు మూసుకుని కూర్చుని, ఎవరినైనా ఒకే వేగంతో మెల్లగా తిప్పమనండి. కాసేపటికి కుర్చీ ఆగిపోయినట్టు అనిపిస్తుంది. నిజంగా ఆపినప్పుడు వెనక్కి తిరుగుతున్నట్టు అనిపిస్తుంది. మబ్బులో, చీకటిలో, నేలా ఆకాశం కలిసిపోయి ఉన్నప్పుడు పైలట్ పరిస్థితి కళ్ళు మూసుకున్నట్టే. ఒంటి మాట నమ్మకూడదు, ఎదురుగా ఉన్న పరికరం మాటే నమ్మాలి అని వాళ్ళకి నూరిపోస్తారు. మన బెంగళూరులోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఏరోస్పేస్ మెడిసిన్‌లో పైలట్లని యంత్రంలో కూర్చోబెట్టి మరీ ఈ భ్రమని చూపిస్తారు. అనుభవం ఉన్నవాళ్ళు కూడా అందులోంచి బయటికి వచ్చి నమ్మలేనట్టు మొహం పెడతారు.

ఒరిగితే బలం ఎందుకు తగ్గుతుందో కూడా చెప్పాలి. రెక్కలు విమానాన్ని పైకి ఎత్తుతాయి అంటాం కానీ, నిజానికి అవి రెక్కలకి నిలువుగా ఉండే దిక్కులో లాగుతాయి. విమానం సమంగా ఉన్నప్పుడు ఆ దిక్కు ఆకాశం వైపు ఉంటుంది. ఒరిగితే ఆ బలంలో కొంత పక్కకి పోతుంది. 30 డిగ్రీలు ఒరిగితే పెద్ద తేడా ఉండదు. 60 డిగ్రీలు ఒరిగితే, ఎత్తు తగ్గకుండా ఉండాలంటే రెక్కలు రెట్టింపు బలం ఇవ్వాలి. దిగుతున్న విమానం నెమ్మదిగా పోతుంటుంది, నేల దగ్గర ఉంటుంది. ఆ రెట్టింపు బలం ఎక్కడి నుంచి వస్తుంది?

ఇక నన్ను అన్నిటికన్నా ఎక్కువగా బాధపెట్టే సంగతికి వస్తాను.

ఆ విమానంలో ఈజీపీడబ్ల్యూఎస్ అనే హెచ్చరిక వ్యవస్థ ఉంది. నేలని గుద్దుకునే ప్రమాదం వస్తే నోరు తెరిచి చెప్పే పరికరం అది. దీని మొదటి రూపాన్ని తయారుచేసింది డాన్ బేట్‌మన్ అనే ఇంజనీరు, కెనడాలో పుట్టినాయన. బాగున్న విమానాలు, పైలట్ చేతిలో ఉండి కూడా కొండల్నీ నేలనీ గుద్దుకోవడం చూసి, జీవితమంతా ఆ ఒక్క సమస్య మీదే పనిచేశారు. ఆయన పుణ్యాన ఎన్ని ప్రాణాలు నిలిచాయో లెక్కపెట్టడం కష్టం. ఈ పరికరం కిందికి మరీ వేగంగా దిగుతుంటే "సింక్ రేట్" అంటుంది. నేల మీదికి పోతుంటే "పుల్ అప్" అని అరుస్తుంది. విమానం మరీ ఒరిగితే "బ్యాంక్ యాంగిల్, బ్యాంక్ యాంగిల్" అంటుంది. సరిగ్గా ఆ రాత్రి వినపడాల్సిన మాట అది.

వినపడలేదు. ఆ పరికరం గొంతు ఆఫ్‌లో ఉంది.

ఎందుకు ఆపుతారు అంటే, ఆ రాత్రి సంగతి వదిలేసి మామూలుగా చెప్తాను. మిలిటరీ విమానాలు తక్కువ ఎత్తులో తిరుగుతాయి, పరికరం లెక్కలోకి రాని చోట్ల దిగుతాయి. అలాంటప్పుడు ఆ గొంతు అవసరం లేకపోయినా మోగుతుంది. మోగి మోగి విసుగొస్తుంది. కంట్రోలర్ మాట వినపడనీయడం లేదని ఒకసారి ఆపుతారు. తర్వాత అదే అలవాటవుతుంది. ఇంట్లో పొయ్యి మీద తాలింపు వేసినప్పుడల్లా మోగుతుందని పొగ అలారం బ్యాటరీ తీసేసినట్టు. తీసేసిన రోజు ఏమీ కాదు.

దర్యాప్తు ఇంకో మాట కూడా అంది. ఆ వాతావరణంలో, రాత్రిపూట, అలాంటి చోట దిగడానికి ఆ సిబ్బందిని ఎంచి జతచేసిన తీరే సరిగా లేదు. ఇద్దరి మధ్యా పని పంచుకోవడం, ధ్యాస పంచుకోవడం కుదరలేదు. నా దృష్టిలో ఇది చిన్న విషయం కాదు. కాక్‌పిట్‌లో ఇద్దరు ఎందుకు ఉంటారు? ఒకరు నడుపుతుంటే, రెండో మనిషి పరికరాలు చూస్తూ తేడా వస్తే గట్టిగా చెప్పాలి. ఇద్దరూ తల ఎత్తి బయట దీపాల కోసం వెతికితే లోపల చూసేవాళ్ళు ఉండరు. ఇద్దరూ తల దించుకుంటే బయట చూసేవాళ్ళు ఉండరు. "నేను చూస్తున్నాను, నువ్వు చెప్పు" అనే ఒప్పందం ప్రతి నిమిషం నిలబడాలి. ఇద్దరిలో కనీసం ఒకరికైనా అలాంటి రాత్రులు బాగా అలవాటు ఉండాలి. ఈ ఇద్దరినీ కలిపి ఈ రాత్రి పంపవచ్చా అనేది పొద్దున డ్యూటీ చార్టు వేసేవాళ్ళు వేసుకోవాల్సిన ప్రశ్న. అందుకే "పైలట్ల తప్పు" అంటే నేను ఒప్పుకోను అన్నాను. చనిపోయినవాళ్ళు జవాబు చెప్పుకోలేరు. చార్టు వేసినవాళ్ళు, ఐఎల్ఎస్ లేకుండా స్థావరాన్ని నడిపినవాళ్ళు, ఆ రాత్రి మైకు పట్టుకున్నవాళ్ళు, అందరి చేతులూ అందులో ఉన్నాయి. పోలండ్ రక్షణ మంత్రి బొగ్దాన్ క్లిహ్ కూడా దర్యాప్తు పూర్తయ్యాక ఐదుగురు అధికారులని పదవుల నుంచి తప్పించారు.

పరికరం గొంతు ఆపేశారు. కంట్రోలర్ గొంతు సరైన దారి చెప్పలేదు. పక్క సీటు గొంతు సమయానికి లేవలేదు. ఇందులో ఏ ఒక్కటి సరిగా పనిచేసినా ఆ 20 మంది ఇళ్ళకి చేరేవాళ్ళని నేను నమ్ముతాను.

పోలండ్ అధ్యక్షుడు లేఖ్ కచిన్‌స్కీ అప్పుడు జాతీయ సంతాపం ప్రకటించారు. రెండేళ్ళ తర్వాత, 2010 ఏప్రిల్ 10న, ఆయనే రష్యాలోని స్మోలెన్‌స్క్‌లో దిగబోతూ వాయుసేన టీయూ-154 విమానంలో చనిపోయారు. మొత్తం 96 మంది. 2008లో వాయుసేన అధిపతిగా ఉన్న జనరల్ ఆంజే బ్వాషిక్ కూడా అందులోనే ఉన్నారు. ఆ ప్రమాదం గురించి రాజకీయంగా చాలా వాదనలు ఉన్నాయి, వాటి జోలికి పోను. నా వృత్తికి సంబంధించిన నాలుగు ముక్కలు మాత్రం చెప్తాను. అక్కడ దట్టమైన పొగమంచు. అక్కడా మిలిటరీ రన్‌వే, ఐఎల్ఎస్ లేదు. విమానం సరైన దారిలో లేనప్పుడు కూడా కంట్రోలర్ "దారిలోనే ఉన్నారు" అని చెప్తూ వచ్చాడు. ఈసారి హెచ్చరిక పరికరం గొంతు ఆపలేదు. అది "పుల్ అప్" అని మళ్ళీ మళ్ళీ అరిచింది. రన్‌వేకి ముందు నేల ఒక లోయలా పల్లంగా ఉంది. నావిగేటర్ చదువుతున్న అంకెలు కింద ఉన్న పల్లం నుంచి ఎత్తు, రన్‌వే నుంచి కాదు. రన్‌వే లెక్కలో చూస్తే వాళ్ళు అప్పటికే చాలా కిందికి వచ్చేశారు. మొదటిసారి గొంతు వినపడలేదు, రెండోసారి వినపడినా సమయానికి పైకి లేవలేదు. ఆ తర్వాత వీఐపీలని మోసే ఆ రెజిమెంటునే రద్దు చేశారు, మంత్రి క్లిహ్ రాజీనామా చేశారు.

మన దగ్గర ఇలాంటివి లేవా అంటే ఉన్నాయి. 1999 మార్చి 7న గ్వాలియర్ నుంచి వస్తున్న మన వాయుసేన రవాణా విమానం ఏఎన్-32 ఢిల్లీ పాలంలో దిగబోతూ పప్పన్‌కలాన్ దగ్గర ఇళ్ళ మధ్య కూలింది. విమానంలో ఉన్న 18 మంది, కింద ముగ్గురు చనిపోయారు. మీరు 2016 జూలైలో తాంబరం నుంచి పోర్ట్‌బ్లెయిర్ వెళ్తూ బంగాళాఖాతంలో పోయిన ఏఎన్-32 గురించి కూడా రాశారు. అందులో మన విశాఖ నేవల్ ఆర్మమెంట్ డిపో ఉద్యోగులు ఎనిమిది మంది ఉన్నారు. ఆ కుటుంబాలు ఏళ్ళ తరబడి ఎదురుచూడటం మనందరం చూశాం. కానీ అది సముద్రం మీద మధ్యదారిలో జరిగింది. దాన్నీ దీన్నీ కలిపి భయపడకండి.

నా సొంత అనుభవం ఒకటి చెప్పి మీ తమ్ముడి సంగతికి వస్తాను.

ఉత్తరాదిలో ఒక స్టేషన్. జనవరి. అక్కడి మంచు మీకు తెలియదు, చెయ్యి చాపితే వేళ్ళు కనపడవు. రాత్రి తొమ్మిది ప్రాంతంలో ఒక ఏఎన్-32 వచ్చింది. నేను టాక్‌డౌన్, అంటే ఆ మాటల ల్యాండింగ్, ఇస్తున్నాను. రెండు మైళ్ళ దూరంలో ఉంది, రెండు గీతల మీదా చక్కగా వస్తోంది. సరిగ్గా అప్పుడు గదిలో టెలిఫోన్ మోగింది. తీసిన కుర్రాడు నా భుజం తట్టి ఏదో అడిగాడు. నేను తల తిప్పి ఒక్క మాట జవాబు చెప్పాను. అంతే. మళ్ళీ తెర వైపు తిరిగేసరికి చుక్క గీత వదిలి పైకి పోతోంది. ఇంజన్ల మోత మా కప్పు మీద నుంచి వెళ్ళిపోయింది. అంత చలిలోనూ నా వీపు తడిసిపోయింది.

రెండోసారి చక్కగా దిగారు. కాసేపటికి ఆ కెప్టెన్ రాడార్ గదికి నడుచుకుంటూ వచ్చాడు. నాకన్నా చాలా సీనియర్. నేను లేచి నిలబడి క్షమాపణ చెప్పబోయాను. ఆయన చెయ్యి అడ్డం పెట్టి, నీ గొంతు ఆగింది, నేను లెక్కపెట్టాను, ఐదు అయింది, వెళ్ళిపోయాను, అన్నాడు. కోపం లేదు. గదిలో ఉన్న హీటర్ దగ్గర చేతులు కాచుకుని టీ తాగి వెళ్ళాడు. మర్నాడు ఆ టెలిఫోన్‌ని పక్క గదిలోకి మార్పించాను. జరిగింది దాచకుండా లాగ్‌బుక్‌లో రాశాను. ఆ రాత్రి ఆ విమానం గీతల మీదే ఉంది. నేను మాట్లాడకపోయినా దిగిపోయేదేమో. కానీ ఆయనకి ఆ సంగతి తెలియదు కదా. తెలియనప్పుడు పైకి పోవాలి, ఆయన పోయాడు.

ఇప్పుడు సీ-295. మన వాయుసేన పాత ఆవ్రో విమానాల స్థానంలో వీటిని తీసుకుంది. 2021లో 56 విమానాలకి ఒప్పందం అయింది. 16 స్పెయిన్‌లోని సెవియాలో తయారైనవి, 40 గుజరాత్‌లోని వడోదరలో టాటా వాళ్ళు కట్టేవి. మొదటిది 2023 సెప్టెంబర్‌లో మన చేతికి వచ్చింది. వీటి భాగాలు కొన్ని తయారయ్యేది మన హైదరాబాద్‌లోనే, మీ ఊళ్ళో ఎవరి అబ్బాయో అక్కడ పనిచేస్తూ ఉన్నా ఆశ్చర్యం లేదు. రెండు టర్బోప్రాప్ ఇంజన్లు, 70 మంది దాకా సైనికులని మోస్తుంది, చిన్న రన్‌వేల మీద దిగుతుంది. 20 మందిని పోగొట్టుకున్న పోలండ్ కూడా ఈ విమానాలని వదిలేయలేదు, ఇప్పటికీ నడుపుతోంది. విమానం మీద నమ్మకం పోయి ఉంటే ఏ వాయుసేనా అలా చేయదు. మీ అమ్మగారికి ముందు ఈ మాట చెప్పండి.

తమ్ముడిది ఏ ట్రేడో, అంటే వాయుసేనలో ఏ పనో, మీరు రాయలేదు. గ్రౌండ్ టెక్నీషియన్ అయితే, హెచ్చరిక పరికరాల్లో ఏదైనా పనిచేయడం లేదని ఫారంలో ఎక్కితే దాన్ని "తర్వాత చూద్దాం" అని వదలకపోవడమే అతని చేతిలో ఉన్న పెద్ద పని. విమానంలో ఎగిరే సిబ్బంది అయితే, వెనక కూర్చున్నా సరే, తేడాగా అనిపించింది హెడ్‌సెట్‌లో చెప్పే అలవాటు మొదటి రోజు నుంచి చేసుకోమనండి. చిన్న ర్యాంకు అని మొహమాటపడే పిల్లలని నేను చాలామందిని చూశాను. మంచి కెప్టెన్ ఎవరూ అలా చెప్పినందుకు తిట్టరు. తిట్టేవాడి దగ్గర అయితే ఇంకా గట్టిగా చెప్పాలి.

ఇక మీ రాజమండ్రి ప్రయాణం. సంక్రాంతి రోజుల్లో మధురపూడి ఎయిర్‌పోర్ట్ చుట్టూ పొద్దున మంచు ఎలా ఉంటుందో నాకన్నా మీకే బాగా తెలుసు. మీ విమానం ఎందుకు పైకి లేచిందో నేను ఇక్కడ కూర్చుని చెప్పలేను. రన్‌వే కనపడకపోయి ఉండవచ్చు, ముందు దిగిన విమానం ఇంకా రన్‌వే ఖాళీ చేయకపోయి ఉండవచ్చు, గాలి మారి ఉండవచ్చు. ఇంజన్లు ఒక్కసారిగా గట్టిగా మోగి, ముక్కు పైకి లేచి, కడుపులో ఏదో దేవినట్టు ఉంటుంది. అందరూ దేవుణ్ణి తలుచుకుంటారు. కానీ ముందు కూర్చున్న ఇద్దరికీ అది ప్రతి ఆరు నెలలకీ సిమ్యులేటర్‌లో చేసి చూపించాల్సిన పాఠం, ఒంటికి పట్టిన పని. ఆ ఉదయం మీ ముందు కూర్చున్న కెప్టెన్, నా టీ తాగి వెళ్ళిన ఆ కెప్టెన్, ఇద్దరూ చేసింది ఒకటే.

తమ్ముడి ట్రేడు ఏంటో రాయండి. దాన్ని బట్టి అతని రోజువారీ పని ఎలా ఉంటుందో, అమ్మగారికి అర్థమయ్యేలా ఇంకా వివరంగా రాస్తాను.